వేయి గడులలో ఒక బొమ్మ

ధనుర్మాసపు తెల్లవారుజామున మన గోదావరి సీమలో ఏ వీధివెంట నడచినను, కళ్లాపి చల్లిన వాకిళ్లలో ముందుగా చుక్కలు కనిపించును. గీతలు తరువాత. "పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందుచుక్క" అని తల్లి చెప్పుచుండగా కూతురు పెట్టుకొనిపోవును. ఒక్క గీతయైనను పడకముందే ఆ ముగ్గు ఎంత పెద్దదగునో, అందులో పద్మము పట్టునో, రథము పట్టునో ఆ ఇల్లాలికి తెలిసియుండును. చుక్కలు ఒప్పుకొనని బొమ్మను ఆమె తలపెట్టదు.

కంప్యూటరు తెరపై బొమ్మ వేయుటయు ఇట్టి పనియే. తెర యనగా చుక్కల బారులు. ముగ్గులో గీత చుక్కల నడుమ మెలికలు తిరుగును. తెరపై గీత యనునదే లేదు. చుక్కయే వెలుగును, లేదా వెలుగకుండును. వెలిగినవాటిని చూచి కన్ను గీతను కల్పించుకొనును. ఆ చుక్కలను ఒక్కొక్కటిగా వెలిగించియు ఆర్పియు చిన్నచిన్న బొమ్మలను కూర్చుటకు ఒక పనిముట్టు కలదు. దానిని ఐకన్ ఎడిటరు అందురు. పాతబడిన కంప్యూటరుకు ఆ పనిముట్టుతో బొమ్మల పట్టికను కట్టుట యెట్లో, నరసాపురపు లేసు అల్లు స్త్రీలకొరకు అట్టి పట్టికను కట్టబోయి నేను ఏమి నేర్చితినో ఈ పూట మనవి చేయుదును.

పట్టికను కంప్యూటరు భాషలో మెనూ యందురు. ఈ మాట హోటలువలన మనకు పరిచితమే. సర్వరు వచ్చి ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా అని ఏకరువు పెట్టును. మనము ఒకటి కోరుకొందుము. కంప్యూటరును తాను చేయగల పనులను అట్లే ఏకరువు పెట్టి కోరుకొమ్మనును. తొలినాళ్ల యంత్రములకు ఈ మర్యాద లేదు. నల్లని తెరపై ఒక చిన్న గుర్తు మిణుకుమనుచుండును. ఆజ్ఞను మనమే ఇంగ్లీషు అక్షరములలో తప్పులేకుండ కొట్టవలెను. ఒక్క అక్షరము తారుమారైనను అది తనకు తెలియదని మొగముమీదనే చెప్పును. ఆజ్ఞలకు బదులు బొమ్మలను తెరపై పరచి, కోరిన బొమ్మను చూపిన చాలునను పద్ధతితో జిరాక్సు సంస్థవారు 1981లో 'స్టార్' అను యంత్రమును అమ్మకమునకు పెట్టిరి. 1983లో ఆపిల్ వారి 'లీసా', 1984 జనవరిలో 'మాకింటోష్' వచ్చినవి.

మాకింటోషు బొమ్మలను గీసినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. ఆమె కంప్యూటరు శాస్త్రము చదివినది కాదు, కళలు చదివినది. ఆమెకు తొలుత అక్కరకు వచ్చినది గళ్ల కాగితపు పుస్తకము. అందులో 32 గడుల పొడవు, 32 గడుల వెడల్పు గల చతురములు గీసి, కలముతో గడులను నింపుచు ఆమె తన తొలి బొమ్మలను చేసెను. ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ అను సహచరుడు తరువాత ఆ పనికై ఒక ఐకన్ ఎడిటరును వ్రాసి యిచ్చెను. గాజుపెంకులు పొదిగి చేయు చిత్రములను, గుడ్డపై సూదితో కుట్టు చిత్రములను ఎరిగినవారికి ఇది క్రొత్త పని కాదని ఆమె అభిప్రాయము. మన ఉప్పాడ జాందానీ నేతగాండ్రు ఆమె మాట విన్నచో అవునవునని తల యూపుదురు. గళ్ల కాగితముపై పువ్వును వేసికొని పోగులు లెక్కించుట వారికి నిత్యకృత్యము గదా!

ఐకన్ ఎడిటరును తెరచినచో ఒక గళ్ల చట్రము కనబడును. అసలు బొమ్మ తెరపై అర అంగుళమునకు మించదు కనుక దానిని భూతద్దములో చూపినట్లు పెంచి చూపుదురు. ప్రక్కన అదే బొమ్మ అసలు పరిమాణములో నుండును. మరియొక వైపున రంగుల గిన్నెలు. రంగు నొకదానిని ఎన్నుకొని గడిపై మౌసు నొక్కినచో ఆ గడి నిండును. ఇంతే విద్య. అయితే పెద్ద చట్రములో బొమ్మ ఎంత ముచ్చటగా నున్నను లెక్కలోనికి రాదు. ప్రక్కనున్న చిన్నదానినే చూడవలెను. క్రొత్తవారందరును ఇక్కడనే మోసపోవుదురు. నేనును మోసపోయితిని, ఆ కథ ముందున్నది.

ఎడిటరు లేని చోట ఈ పని కాగితముమీద, నోటిలెక్కతో సాగినది. భారత ప్రభుత్వము 1984-85లో 'క్లాస్' అను పథకము క్రింద 250 పాఠశాలలతో కంప్యూటరు విద్యను మొదలిడినప్పుడు ఆ బడులకు ఇచ్చినవి బి.బి.సి. మైక్రో యంత్రములు. వాటిలో ఒక అక్షరమునకు వరుసకు 8 చొప్పున 8 వరుసలు, మొత్తము 64 గడులు. మనకు నచ్చిన బొమ్మను ఒక అక్షరముగా మలచుకొనుటకు వి.డి.యు. 23 అను ఆజ్ఞ కలదు. వరుసలోని గడులకు ఎడమనుండి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నింపిన గడుల విలువలను కూడగా వచ్చినదే ఆ వరుస సంఖ్య. చేతిలో పెన్సిలున్న పిల్లలు వ్రాసికొనవచ్చును: 16, 24, 28, 30, 16, 255, 126, 60. గళ్ల నోటుపుస్తకములో ఈ ఎనిమిది వరుసలను నింపి చూడుడు. గాలికి విచ్చుకొన్న తెరచాపతో గోదావరిపై పోవు పడవ కనబడును. 255 అనిన వరుసలో ఎనిమిది గడులును నిండును. అది పడవ అంచు. దాని క్రిందివి ఇరుప్రక్కల ఒక్కొక్క గడి తగ్గుచు అడుగుభాగమగును.

1992లో వచ్చిన విండోస్ 3.1లో బొమ్మకు 32 గడుల చతురము, అనగా 1024 గడులు, 16 రంగులు. అట్టి బొమ్మ యొక్కటి ఫైలుగా 766 బైట్ల చోటు పట్టును. అందులో గడుల రంగులకు 512 బైట్లు. ఏ గడి కనబడవలెను, ఏ గడిగుండ వెనుకనున్న తెర కనబడవలెను అను సమాచారమునకు 128. తక్కినవి రంగుల జాబితాకును పైవ్రాతకును. ఆ 128 బైట్ల సంగతి క్రొత్తవారికి వింతగా తోచును. 'తెలుపు' వేరు, 'ఏమియు లేదు' వేరు. నేను పలువురికి ఈ భేదమును చెప్పలేక తికమకపడియున్నాను. లేసు అల్లువారికి మాత్రము చెప్పవలసిన పనియే లేకపోయినది. లేసులోని రంధ్రము తెల్లదారము కాదు. బల్లపై పరచినచో ఆ రంధ్రమునుండి బల్లయే కనబడును.

ఇక నరసాపురమునకు పోదము. పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గోదావరి యొడ్డున నున్న ఈ ఊరి ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దములో స్కాట్లండు మిషనరీలు స్త్రీలకు కొక్కెపుసూదితో లేసు అల్లుట నేర్పిరి. నాటినుండి చుట్టుప్రక్కల గ్రామములలో వేలకొలది స్త్రీలు ఇంటి అరుగులమీదనే కూర్చుండి అల్లుచున్నారు. మధ్యవర్తి దారము తెచ్చి యిచ్చును, అల్లిన ముక్కలను తీసికొనిపోవును; కూలి ముక్కకింతయని. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు వారి బ్రదుకును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దేశదేశముల అంగళ్లకు సరకు చేయుచున్న ఈ స్త్రీలను పనివారుగా గాక, తీరిక వేళల ప్రొద్దుపుచ్చు ఇల్లాండ్రుగా లెక్కించుచున్నారని ఆమె ఎత్తిచూపినది. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. ఆ వార్త వినినప్పుడు నాకు స్ఫురించినది మాత్రము ఇరువది యేండ్లనాటి ఒక పాత కంప్యూటరు.

అది 2004. నరసాపురమునకు చేరువనున్న ఒక పల్లెలో 23 మంది స్త్రీలు కూడి, దారము తామే కొనుక్కొందము, లెక్కలు తామే చూచుకొందము అని నిశ్చయించుకొనిరి. ఒక కార్యాలయమువారు మూలబెట్టిన కంప్యూటరును వారికిచ్చిరి. 486 జాతి యంత్రము. జ్ఞాపకశక్తి 8 మెగాబైట్లు. 14 అంగుళముల తెర. అందులో విండోస్ 3.1. తెలుగును చూపగల విండోస్ ఎక్స్‌పీ 2001లోనే వచ్చియున్నది గాని, దానికి కనీసము 64 మెగాబైట్లు కావలెను. ఈ ముసలి యంత్రము దానిని మోయలేదు. బడిలో లెక్కలు చెప్పి విరమించినవాడనై, కంప్యూటరుపై కొంత చేయితిరిగినవాడనై యుండుటచే నన్ను పిలిచిరి.

ఇరువదిముగ్గురిలో తెలుగు చదువగలవారు ఏడుగురు. ఇంగ్లీషు కూడబలుకుకొనువారు ఇద్దరు. అంకెలు మాత్రము అందరికిని వచ్చును. డబ్బు ఆ చదువును ఎవరికైనను నేర్పును. కావున తెరపై మాటలు వద్దు, బొమ్మలు, అంకెలు చాలునని తలచితిని. విజువల్ బేసిక్ అను సాధనముతో లెక్కల కార్యక్రమము వ్రాసితిని. దానితోపాటు మచ్చునకై ఐకన్‌వర్క్స్ అను ఐకన్ ఎడిటరును ఇచ్చుచుండెడివారు. నా బొమ్మలన్నియు అందులోనే పుట్టినవి. విండోస్ 3.1లో 'స్టార్టప్' అను గుంపు ఒకటి కలదు. అందులో చేర్చిన కార్యక్రమము యంత్రము వెలిగి విండోస్ తెరచుకొనగనే తనంతట తానే నడచును. మన కార్యక్రమమును అందులో పెట్టితిని. లేనిచో ప్రతిదినము దానిని వెదకి వెంటవెంటనే రెండుమారులు నొక్కవలెను. ఆ రెండు నొక్కుల తాళము తప్పి విసుగుచెందినవారిని ఎందరినో చూచితిని.

పట్టికలో ఆరు బొమ్మలు: దారము తీసికొనుట, ముక్కలు అప్పగించుట, కూలి, మిగులు దారము, తప్పు దిద్దుట, ముగింపు. రెండు రాత్రులు మేలుకొని గీసితిని. పెద్ద చట్రములో చూచుకొని మురిసిపోతిని. మరునాడు అందరిని కూర్చుండబెట్టి, ఏది యేమో చెప్పకుండ, ఒక్కొక్క బొమ్మను చూపి "ఇది ఏమిటి?" అని యడిగితిని. ఈ పరీక్ష ముఖ్యము. ముందు చెప్పి తరువాత అడిగినచో మర్యాదకొరకైనను అందరును అవుననియే అందురు.

దారపు కండె బొమ్మను చూచి ఒకామె "డమరుకవాండీ మాస్టారూ?" అనినది. వేరొకామె రోలనినది. వారికి దారము ఉండలుగా వచ్చును. కండె వారి చేతికి రానేరాదు. నేను కుట్టుమిషను కండెను మనసులో పెట్టుకొని గీసితిని. ముగింపునకు నేను వేసినది సగము తెరచిన తలుపు. "ఎవరో వత్తన్నారండి" అనిరి. తలుపు వెలుపలికి పోవుటకే కాదు, లోనికి వచ్చుటకును ఉపయోగపడునని నాకు తోచలేదు. కూలికి గుండ్రని నాణెము, దానిలో 'రూ' అను అక్షరము. రూపాయికి నేడున్న గుర్తు 2010లో గాని రాలేదు. దానిని చూచి వారిలో పెద్దది, అందరును దొడ్డమ్మ యని పిలుచునామె, చాలసేపు తెరకు మొగమానించి "బొట్టుబిళ్లండి" అని తేల్చినది.

తెలుగు అక్షరములను గడులలో ఇముడ్చుట అంత తేలిక కాదు సుమా! ఇంగ్లీషు అక్షరమునకు ఏడు వరుసలు చాలును. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడి, క్రింద వత్తు. పదునాలుగు వరుసలకు తక్కువైనచో నా చేతిలో కుదరలేదు. గుండ్రని వొంపులు గడులలో పడి మొరటుబారును. ఒక్క గడి తేడాలో పకారము షకారమై కూర్చుండును. నా నాణెములోని 'రూ' ఎవరికిని అక్షరముగా కనబడనే లేదు.

"మరి కూలికి ఏమి వేయుదము?" అని యడిగితిని. కొంతసేపు ఎవరును పలుకలేదు. ఒక పిల్ల, ఇరువదియేండ్లుండునేమో, నవ్వుచు తన పైటకొంగు చివర ముడిని ఎత్తి చూపినది. అందరును ఫక్కున నవ్విరి. వారము వారము కూలి డబ్బు పోయి చేరునది అక్కడనే. కొంగుముడి! నేను జన్మలో ఊహింపలేని బొమ్మ అది. గీయుటకును చక్కగా లొంగినది: పైనుండి దిగు వస్త్రపు మడతలు మూడు నిలువు చారలు, నడుమ నొక్కుకొన్న మెడ, క్రింద ఉబ్బిన గుండ్రము, దాని దిగువ విచ్చుకొన్న రెండు చెవులు. ఆ యూరి కుఱ్ఱవాడొకడు వచ్చి చూచి "వంకాయా?" అనినాడు గాని, అది వానికొరకు గీసినది కాదు.

విండోస్ వారి బొమ్మలు మనకు అర్థము కాకపోవుటకు కారణమును ఇదే. ఫైళ్లను చూచుకొను కార్యక్రమమునకు వారు వేసినది సొరుగుల బీరువా. ఎదురుచూడుమనుటకు ఇసుక గడియారము. అమెరికా కార్యాలయములో పనిచేయువానికి సొరుగు చూడగనే కాగితములు తలపునకు వచ్చును. అరుగుమీద లేసు అల్లు స్త్రీకి ఏమి తలపునకు వచ్చును? బొమ్మ చదువురానివారికి దానంతటదే తెలియునను మాటను నేనిప్పుడు నమ్మను. బొమ్మకును ఒక భాష యున్నది, దానికొక ఊరున్నది.

ముగింపు బొమ్మవద్ద పెద్ద చర్చ జరిగినది. ఒకామె ఆరిన దీపము వేయుమనినది, దొడ్డమ్మ వెంటనే "ఛ! దీపం ఆరిందని అంటావేంటే, కొండెక్కిందని అనాలి" అని గదమాయించినది. అనరాని మాట తెరపై మాత్రమెట్లు నిలుచును? ఎట్టకేలకు పడవ యొప్పుకోలైనది. పని మొదలిడునప్పుడు తెరచాప ఎత్తిన పడవ. ముగించునప్పుడు చాప దించి రేవున గుంజకు కట్టిన పడవ. ఒకే పడవ, రెండు రూపములు. మునుపు చెప్పిన 64 గడుల పడవ గళ్ల పుస్తకములో నాకు సిద్ధముగానే యున్నది. దానిని 1024 గడులకు పెంచితిని.

పెంచినప్పుడు తెరచాప వాలు అంచు కోతిపండ్లవలె వచ్చినది. ఎన్నిమారులు దిద్దినను లొంగలేదు. దొడ్డమ్మ నా వెనుక నిలుచుండి చూచి చూచి, సూది కొనతో తెరను తాకకుండ చూపుచు, "మెట్లు సమంగా లేవండి. రెండు దిగాక రెండే దిగాలి. లేదా రెండు, మూడు, రెండు, మూడు అని వరస ఉండాలి. తవరు రెండు, ఒకటి, మూడు, ఒకటి దించారు" అనినది. ఆమె ఎన్నడును కాగితపు నమూనా చూచి అల్లలేదు. మచ్చుముక్కను వ్రేళ్లతో తడిమి గడులు లెక్కించుకొనును. గళ్ల లేసులో నిండిన గడి, ఖాళీ గడి, ఈ రెంటితోనే నెమలియు, ద్రాక్షగుత్తియు తేలవలెను. వాలుగీత యన్నది మెట్లవరుసయే కావలెను. ఏబదియేండ్లుగా ఆమె చేయుచున్నది నేను రెండు రాత్రులుగా తంటాలు పడుచున్న పనియే. నేను లేచి కుర్చీ నామెకిచ్చితిని. తొలుత మౌసు ఆమె చేతిలో ఎలుకవలెనే పరుగెత్తినది. మూడవనాటికి ఆమె గడి గడియు నింపుచు, ప్రక్కనున్న చిన్నబొమ్మను మాత్రమే చూచుచు కూర్చున్నది. పెద్ద చట్రము వైపు చూడవేమి అని యడిగితిని. "కట్టుకునేవాళ్లు ముక్కని దూరం నుంచి చూత్తారు కదండీ" అనినది.

ఆమెవలననే మరి రెండు సంగతులు తెలిసినవి. ఒంటి గడి మందము గల దారము తెరపై కనబడదు, రెండు గడులుండవలెను. ఇద్దరికి కంటిలో శుక్లములుండెను. వారికి రంగుల తేడాలు అందవు, అంచు నల్లగా, ఆకారము వేరుగా నుండవలెను. అప్పటినుండి ప్రతి బొమ్మను ముందు నలుపు తెలుపులలో తయారుచేసి, అది తెలిసినదన్న తరువాతనే రంగు వేసితిమి. తప్పు దిద్దుటకు వేసినది కొస విప్పిన అల్లిక. అల్లికలో తప్పు వచ్చినచో ఆ తప్పు వరకు విప్పుకొని వచ్చి మరల అల్లుదురు. మొత్తము ముక్కను చించివేయరు. నా కార్యక్రమములో 'చెరిపివేయుము' అను పని యొకటి యుండెడిది. ఆ బొమ్మను చూచినతోడనే దానిని తీసివేసితిని. ఒక్క నొక్కుతో లెక్క మాయమగు ఏర్పాటు పట్టికలో ఉండరాదు.

తరువాత తమ తమ ఖాతాలకు తమ బొమ్మలు కావలెననిరి. వరుస సంఖ్యలు చాలునని నేనంటిని, వారు వినలేదు. ఎవరి చేతి పువ్వు వారిది. ఒకరిది అనాసపండు, ఒకరిది మల్లెమొగ్గ, ఒకరిది తమలపాకు, ఒకరిది కొబ్బరిచెట్టు. దొడ్డమ్మ చేపను కోరుకొన్నది. ఇరువదిమూడు బొమ్మలలో పదునొకండు వారే గీసికొనిరి. నేను గీసినవాటికంటె అవి బాగున్నవని చెప్పుట నాకు కష్టమైనను, చెప్పవలెను. ఏ బొమ్మ యే చోట నున్నదో ఒక నెలలో చేయి మరగినది, చూడకయే నొక్కసాగిరి. ఒకమారు అందముకొరకని నేను కూలి బొమ్మను పైవరుసకు జరుపగా, ఆ వారమంతయు దారము లెక్కలో కూలియు, కూలి లెక్కలో దారమును పడినవి. మరల ఎన్నడును జరుపలేదు.

అసలు సంగతి మూడు నెలల తరువాత జరిగినది. దొడ్డమ్మ తన చేపను నొక్కి, కొంగుముడిని నొక్కి, వచ్చిన అంకెను చూచి కదలక కూర్చున్నది. "నా గోడ మీద పదకొండున్నర ఎక్కువుందండీ" అనినది. ఆమె ఇంటి గోడమీద ప్రతి ముక్కకును ఒక సుద్దగీత యుండును. యంత్రము తప్పు చేయదని నేను ధీమాగా చెప్పితిని. ఆమె వాదింపలేదు, మరునాడు నన్ను తన ఇంటికి తీసికొనిపోయి గీతలు చూపినది. ముక్కకు రూపాయి ముప్పావలా చొప్పున, ఏడు ముక్కలకు పండ్రెండుంబావలా అని నోటితో లెక్క కట్టి చెప్పుచుండగా నాకు చెమట పట్టినది. లెక్క తేలికగా నుండునని నేను వ్రాసిన ఒక వాక్యము రూపాయిపైనున్న పైసలను ప్రతి అప్పగింతలోను కోసివేయుచున్నది. పండ్రెండుంబావలా నా తెరపై పండ్రెండే. పావలాయు, అర్ధయు, ముప్పావలాయు మూడు నెలలుగా నిశ్శబ్దముగా పోయినవి. తప్పు నాది, యంత్రముది కాదు. ఇరువదిముగ్గురి లెక్కలను మరల కట్టి, తగ్గిన పైకమును అందరికిని ఇప్పించితిమి. మొత్తము రెండువందల పైచిల్లర.

రెండువందలు పెద్ద మొత్తము కాదని ఎవరైన అనవచ్చును. రోజంతయు అల్లి పదియో, పదునైదో చూచు ఇంట అది చిన్నది కాదు. అంతకుమునుపు మధ్యవర్తుల పద్దులలోని తరుగులను ఈ స్త్రీలలో ఎవరును ప్రశ్నింపలేదట. ఆ పద్దు ఎవరి చేతిలో నుండెనో వారికే తెలియును గాని, తమకు కనబడలేదు గదా! ఇక్కడ మాస్టారి పద్దును ఆమె తానే తెరచి చూచినది, తన గోడతో సరిపోల్చినది. నేనెన్నడును అంత సంతోషముగా తప్పు ఒప్పుకొనియెరుగను.

పాత యంత్రములున్న బడులవారు, గ్రంథాలయములవారు ఇట్టి పని చేయదలచినచో ఖర్చేమియు లేదు. గళ్ల నోటుపుస్తకము, పెన్సిలు ముందు, ఎడిటరు తరువాత. బొమ్మ చుట్టును ఒక వరుస గడులను ఖాళీగా విడువవలెను, లేనిచో ప్రక్కబొమ్మతో అతుకుకొనిపోవును. మొదటి ఫైళ్లను చెరుపక వేరొక ఫ్లాపీలో దాచుకొనవలెను. మేమట్లు దాచినందువలననే 2009లో ఆ కంప్యూటరు డిస్కు చెడినప్పుడు బొమ్మలు మిగిలినవి. అన్నియు కలిసి ఇరువదితొమ్మిది. ఒక్కొక్కటి 766 బైట్లు. ఫ్లాపీలో ఒక మూలకు సరిపోయినవి. లెక్కలను వారప్పటికే వేరొక క్రొత్త యంత్రములోనికి మార్చుకొనిరి. బొమ్మలను మార్చలేదు.

క్రిందటి సంక్రాంతికి ఆ పల్లెకు పోయితిని. కొంగు ఎత్తి చూపిన పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. దొడ్డమ్మ లేదు. ఆమె చివరిరోజులలో అల్లినదట, చతురపు లేసుముక్క యొకటి రేడియోపై కప్పియుండెను. చూడగనే గుర్తుపట్టితిని, మన పడవయే, తెరచాప యెత్తినది. అడ్డముగా లెక్కించితిని, 32 గడులు. నిలువుగా 32. తెరచాప మెట్లు రెండు, రెండు, రెండుగా దిగుచున్నవి. ఒక్కచోట మాత్రము తేడా కనబడినది: తెడ్డుకొయ్య చివర ఒంటరిగా నేను పెట్టిన గడి అందులో లేదు. ఏమని అడిగితిని. "ఆ ఒక్క గడికి పట్టు లేదండి, ఉతికితే ఊడిపోద్దని తీసేసింది" అని ఆమె కోడలు చెప్పినది.